యాభై ఏళ్లకు కాడి దించిన పెద్దాయన

తండ్రి చేతిలో జట్టు, కొడుకుల మధ్య వాటాలు
తాకట్టుకు వెళ్లిన మైదానం, ఊరు విడిచిన అథ్లెటిక్స్

1950 అక్టోబర్ 18వ తేదీ. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం. 87 ఏళ్ల వృద్ధుడొకరు పత్రికల వారి ముందుకు వచ్చి, జట్టు మేనేజర్ బాధ్యత నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించారు. ఆయన పేరు కోనీ మాక్. జట్టు పేరు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. ఆట బేస్‌బాల్.

పదవి నుంచి తప్పుకోవడంలో వింత ఏముంది అనుకోవచ్చు. 1901లో ఆ జట్టు పుట్టినప్పుడు మేనేజర్ ఆయనే. 1950లో కూడా ఆయనే. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. ఆ దేశాన్ని తొమ్మిదిమంది అధ్యక్షులు పాలించారు. అథ్లెటిక్స్ మేనేజర్ మాత్రం మారలేదు. ఒకే జట్టును వరసగా 50 ఏళ్లు నడిపిన మనిషి ఆ ఆట చరిత్రలో ఆయన ముందూ లేడు, తర్వాతా లేడు.

బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కు దూరపు చుట్టం. జట్టుకు తొమ్మిదిమంది. బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. బ్యాట్‌తో కొట్టినవాడు మైదానంలోని మూడు మజిలీలు దాటి బయలుదేరిన చోటికి తిరిగి వస్తే ఒక పరుగు. క్రికెట్‌లో ఆట నడిపే పని కెప్టెన్‌ది. బేస్‌బాల్‌లో ఆ పెత్తనమంతా మేనేజర్‌దే. ఎవరు ఆడాలి, ఎవరు కూర్చోవాలి, ముందు ఎవరు బ్యాట్ పట్టాలి, పిచర్‌ను ఎప్పుడు మార్చాలి అన్నీ ఆయనే తేలుస్తాడు. జట్టు ఓడితే మొదట ఊడేది కూడా ఆయన ఉద్యోగమే. అలాంటి కొలువులో మాక్ 50 ఏళ్లు నిలిచారు.

బూట్ల ఫ్యాక్టరీ నుంచి

కోనీ మాక్ అసలు పేరు కార్నీలియస్ మెగిలికడీ. 1862 డిసెంబర్‌లో మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఈస్ట్ బ్రూక్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన బీద కుటుంబం. ఇంటికి ఆసరాగా ఉండేందుకు చిన్నతనంలోనే చదువు మానేసి బూట్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. పని అయ్యాక బంతి ఆట. ఆ ఆటే ఆయనకు అన్నం పెట్టింది. 1886 నుంచి పదేళ్లపాటు పెద్ద జట్లలో ఆడారు. చివరి మూడేళ్లు పిట్స్‌బర్గ్ జట్టుకు మేనేజర్‌గా కూడా పనిచేశారు.

1901లో అమెరికన్ లీగ్ అనే కొత్త పోటీ మొదలైంది. అందులో ఫిలడెల్ఫియా జట్టును నిలబెట్టే పని మాక్‌కు అప్పగించారు. బంతులు తయారు చేసే వ్యాపారి బెన్ షైబ్‌ది సగం వాటా. మాక్‌ది పావు వాటా. కొన్నేళ్లకు మిగిలిన పావు వాటాను కూడా కొని మాక్ సగానికి యజమాని అయ్యారు. అంటే ఆయన ఒట్టి జీతగాడు కాదు, సొంత కమతం చేసుకునే రైతు లాంటివాడు. ఓడినా గెలిచినా ఆయనను పొమ్మనేవారు లేకపోవడానికి ఇదే కారణం.

మిగిలిన మేనేజర్లు ఆటగాళ్ల దుస్తులే వేసుకునేవారు. మాక్ మాత్రం కోటు, టై, గంజి పెట్టిన ఎత్తైన కాలర్‌తో బల్ల మీద కూర్చునేవారు. చేతిలో స్కోరు కార్డు ఉండేది. దానిని అటూ ఇటూ ఊపితే మైదానంలోని కుర్రాళ్లు ఆ వైపు జరిగేవారు. ఆటగాళ్లంతా ఆయనను మిస్టర్ మాక్ అనే పిలిచేవారు.

కరువులో ఎద్దులు అమ్మినట్లు

1910, 1911, 1913 సంవత్సరాల్లో అథ్లెటిక్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. అదే ఆ దేశపు అతి పెద్ద పోటీ. 1914లో మరో కొత్త లీగ్ వచ్చి ఎక్కువ జీతాలు ఆశ చూపింది. అంత డబ్బు మాక్ దగ్గర లేదు. కొందరు ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొందరిని ఆయనే అమ్మేశారు. ఆ దేశంలో ఒక జట్టు తన ఆటగాడిని మరో జట్టుకు అమ్ముకోవడం మామూలే. ఫలితం తెలిసిందే. 1915 నుంచి ఏడేళ్లు వరసగా జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. 1916లో అయితే 36 ఆటలు గెలిచి 117 ఓడింది.

మాక్ మళ్లీ మొదటి నుంచి జట్టు కట్టారు. 1929, 1930లో మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచారు. అంతలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. టికెట్ కొనే జనం తగ్గారు. కరువు వస్తే రైతు గుండె రాయి చేసుకుని మొదట తోలుకెళ్లేది మంచి ఎద్దులనే. మాక్ కూడా అదే పని చేశారు. 1932లో జిమ్మీ డైక్స్‌తో పాటు మరో ఇద్దరిని చికాగోకు లక్ష డాలర్లకు అమ్మారు. తర్వాత ఏడాది మిక్కీ కాక్రన్‌ను డెట్రాయిట్‌కు అమ్మారు. ఈ డైక్స్, కాక్రన్ పేర్లు పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ చివర వీరు మళ్లీ వస్తారు.

ఒక్క అవకాశం

మాక్ మనసు తెలియాలంటే 1929 నాటి ఒక సంగతి చెప్పుకోవాలి. జట్టులో హొవార్డ్ ఎమ్కీ అనే పిచర్ ఉండేవాడు. వయసు 35. భుజం అరిగిపోయింది. ఇక పంపేద్దామని మాక్ ఆయనను పిలిపించారు. ఈ చేతిలో ఇంకా ఒక మంచి ఆట మిగిలి ఉందని ఎమ్కీ చెప్పుకున్నాడు. మాక్ ఆలోచించి, జట్టుతో రావద్దనీ, త్వరలో తమతో తలపడబోయే చికాగో కబ్స్ ఆట చూస్తూ ఉండమనీ చెప్పారు.

అక్టోబర్ 8న వరల్డ్ సిరీస్ మొదటి ఆట. జట్టులో హేమాహేమీలు ఉండగా మాక్ బంతిని ఎమ్కీ చేతికిచ్చారు. సొంత ఆటగాళ్లే విస్తుపోయారు. ఆ ముసలి చేయి ఆ రోజు 13 మందిని కొట్టనివ్వకుండా వెనక్కి పంపింది. వరల్డ్ సిరీస్‌లో అప్పటికి అదే రికార్డు. అథ్లెటిక్స్ 3-1తో గెలిచింది. పాతబడిన మనిషిని ఎలా సాగనంపాలో మాక్‌కు అంత బాగా తెలుసు. తన వంతు వచ్చేసరికి మాత్రం అలా జరగలేదు.

చెప్పేవారు లేరు

1931 తర్వాత జట్టు మళ్లీ పైకి లేవలేదు. మాక్‌కు 70 దాటాయి, 80 దాటాయి. బెన్ షైబ్ పోయారు, ఆయన కొడుకులు పోయారు. జట్టులో పెద్ద వాటా మాక్ చేతికి వచ్చింది. దిగిపొమ్మని చెప్పగలవారు ఎవరూ మిగల్లేదు. చివరి రోజుల్లో ఆయన ఎప్పుడో జట్టు విడిచిన ఆటగాళ్ల పేర్లు పిలిచి బ్యాట్ పట్టమనేవారని చెబుతారు. పక్కనున్న సహాయకులు పెద్దాయన మనసు నొప్పించకుండా సర్దుకుని, తప్పు సైగలను చూడనట్లు ఊరుకునేవారట.

ఇంట్లో మరో చిక్కు మొదలైంది. మాక్‌కు మొదటి భార్య ద్వారా రాయ్, ఎర్ల్ అని ఇద్దరు కొడుకులు. ఆమె 1892లోనే కన్నుమూసింది. రెండో భార్య కొడుకు కోనీ జూనియర్. ముగ్గురికీ తండ్రి జట్టులో వాటాలు పంచారు. ఎర్ల్ ఎన్నో ఏళ్లుగా తండ్రి పక్కనే సహాయకుడిగా ఉన్నాడు. తండ్రి జబ్బు పడినప్పుడు జట్టును నడిపాడు కూడా. రేపటి మేనేజర్ అతనేనని చాలామంది అనుకున్నారు.

అన్నదమ్ములకు పొసగలేదు. అన్నలిద్దరూ ఒక పక్క, తమ్ముడు షైబ్ వారసులతో కలిసి ఇంకో పక్క. మన ఊళ్లలో పొలం గట్టు దగ్గర జరిగే తగవే అక్కడ బంతాట మైదానం దగ్గర జరిగింది.

పండుగ ఏడాదే

1950 మాక్‌కు మేనేజర్‌గా యాభయ్యో ఏడు. స్వర్ణోత్సవం అన్నారు. ఘనంగా వేడుకలు మొదలుపెట్టారు. కాని మే నెలలోనే అసలు పెత్తనం చేతులు మారింది. జనరల్ మేనేజర్‌గా కాక్రన్ వచ్చారు. మైదానంలో నిర్ణయాలు తీసుకునే పని డైక్స్‌కు అప్పగించారు. ఎర్ల్‌ను కొత్త ఆటగాళ్లను వెతికే పనికి మార్చారు. డబ్బుల్లేక ఒకనాడు అమ్ముకున్న ఆ ఇద్దరు ఆటగాళ్లే తిరిగి వచ్చి పెద్దాయన పనిని చెరి సగం పంచుకున్నారన్న మాట. మాక్ పేరుకు మేనేజర్‌గా బల్ల మీద కూర్చున్నారు.

ఆగస్టులో రాయ్, ఎర్ల్ కలిసి తమ్ముడి వాటానూ, షైబ్ వారి వాటానూ కొనేశారు. చేతిలో అంత డబ్బు లేదు. షైబ్ పార్క్ మైదానాన్ని ఒక బీమా కంపెనీకి తాకట్టు పెట్టి 17 లక్షల 50 వేల డాలర్లు అప్పు తెచ్చారు. ఆ డబ్బు కొత్త ఆటగాళ్లకు పోలేదు, మైదానం బాగుకు పోలేదు. వాటాలు తీసుకున్న వారి చేతికి పోయింది. అప్పు మాత్రం జట్టు నెత్తిన మిగిలింది.

ఆ ఏడాది అథ్లెటిక్స్ 52 ఆటలు గెలిచి 102 ఓడింది. ఆఖరి స్థానం. ఇంకో బాధ ఏమంటే, అదే మైదానంలో 1938 నుంచి అద్దెకు ఆడుతున్న ఫిలీస్ జట్టు అదే ఏడాది తన లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఫిలీస్ ఆటకు 12 లక్షల మందికి పైగా జనం వస్తే, ఇంటి యజమాని ఆటకు వచ్చినవారు 3 లక్షల పైచిలుకు. అదే గేటు, అవే కుర్చీలు.

అక్టోబర్ 18న మాక్ సెలవు తీసుకున్నారు. స్వచ్ఛందంగానే తప్పుకున్నట్లు ప్రకటన వెలువడింది. జట్టు అధ్యక్షుడన్న పేరు ఆయనకు ఉంచారు. కొత్త మేనేజర్‌గా జిమ్మీ డైక్స్‌ను నియమించారు. ఎన్నో ఏళ్లు కాచుకున్న ఎర్ల్‌కు ఆ కుర్చీ దక్కలేదు.

అద్దెకున్నవారే కొన్నారు

పెద్దాయన దిగిపోతే జట్టు బాగుపడుతుందని ఆశపడిన వారికి నిరాశే మిగిలింది. అప్పు వాయిదాలు వచ్చిన రాబడిని మింగేశాయి. ఇద్దరన్నదమ్ములకూ తర్వాత సరిపడలేదు. 1954లో జట్టు 51 ఆటలు గెలిచి 103 ఓడింది. నవంబర్‌లో ఆర్నాల్డ్ జాన్సన్ అనే చికాగో వ్యాపారికి అమ్మేయక తప్పలేదు. ఆయన 1955లో జట్టును వెయ్యి మైళ్ల అవతల ఉన్న కాన్సస్ సిటీకి తరలించారు. మైదానాన్ని ఇంతకాలం అద్దెకున్న ఫిలీస్ యజమానే కొన్నారు. దానికి 1953లోనే కోనీ మాక్ స్టేడియం అని పేరు పెట్టారు. అలా పేరు మాక్‌ది, ఆస్తి వేరొకరిది అయింది.

1956 ఫిబ్రవరి 8న కోనీ మాక్ కన్నుమూశారు. వయసు 93. తాను పెంచిన జట్టు ఊరు విడిచిపోవడం ఆయన కళ్లతోనే చూశారు.

ఆ స్టేడియంలో చివరి ఆట 1970లో జరిగింది. 1976లో దానిని కూలగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు చర్చి ఉంది. కాన్సస్ సిటీ నుంచి 1968లో ఓక్లండ్‌కు చేరిన అథ్లెటిక్స్, 2024 సీజన్‌తో ఆ ఊరిని కూడా విడిచిపెట్టింది.

మేనేజర్‌గా మాక్ గెలిచిన ఆటలు 3,731. ఇంతవరకు మరెవరూ మూడు వేలకైనా చేరలేదు. ఓడిన ఆటలు 3,948. అది కూడా రికార్డే. తొమ్మిదిసార్లు లీగ్‌లో మొదటి స్థానం, 17 సార్లు ఆఖరి స్థానం. పండిన ఏళ్ల కంటే ఎండిన ఏళ్లే ఎక్కువ. ఆ ఎండిన ఏళ్లు ఆయనను జట్టు నుంచి కదిలించలేకపోయాయి. కదిలించింది ఇంట్లో పంపకాలు. ఒంట్లో సత్తువ ఉండగానే పెత్తనం ఎవరికి ఇవ్వాలో తేల్చి ఉంటే ఎలా ఉండేదని ఫిలడెల్ఫియా పాతకాపులు చాలాకాలం చెప్పుకున్నారు. కొడుకులున్న ప్రతి ఇంటా పెద్దలు ఆలోచించుకోవలసిన మాటే ఇది.