కంటికి నేర్పు చదువు

కుమారుడో కుమార్తెయో గ్రాఫిక్ డిజైన్, వెబ్ డిజైన్ చదువుటకు కళాశాలలో చేరినపుడు ఇంటివారికి మొదటి కొన్ని మాసములు ఆశ్చర్యముగానే ఉండును. లావుపాటి గ్రంథములు కనిపింపవు. వల్లె వేయు పాఠములు వినిపింపవు. బిడ్డ రాత్రి పొద్దుపోవు వరకు రంగు కాగితములు కత్తిరించుచుండును; ఒకే అక్షరమును పదులసార్లు గీసి చెరపుచుండును; కంప్యూటరు ముందు కూర్చుండి ఒక గీతను ఇటునుండి అటు జరుపుచుండును. ఇదియు నొక చదువేనా అని తల్లిదండ్రులు ప్రశ్నించుట సహజము. ఆ ప్రశ్నకు తగిన సమాధానము కలదు.

అక్షరములను, బొమ్మలను, రంగులను, ఖాళీస్థలమును ఒక ప్రయోజనమునకై పొందికగా కూర్చుటయే గ్రాఫిక్ డిజైన్. పుస్తకపు అట్ట, మందుసీసాపై అంటించిన చీటీ, రైళ్ల కాలపట్టిక, వీథిపేరు వ్రాసిన పలక, ఇవన్నియు ఆ కోవలోనివే. అదే పనిని కాగితముపై గాక తెరపై చేయుట వెబ్ డిజైన్. ఈ రెంటికిని మూలసూత్రము ఒక్కటే: నేను ఉంచినది వేరు, ఎదుటివారు చూచునది వేరు. ఈ అంతరమును విద్యార్థి తన కంటితోనే తెలిసికొనుటకు తరగతిలోని అభ్యాసములు ఏర్పడినవి.

ఈ బోధనాపద్ధతికి జర్మనీ దేశమున బలమైన పునాది పడినది. 1919లో వాల్టర్ గ్రోపియస్ అను వాస్తుశిల్పి వైమార్ నగరమున బౌహౌస్ అను విద్యాలయమును స్థాపించిరి. అందు చేరినవారు మొదట ఒక ప్రాథమిక శిక్షణ పొందవలసి యుండెను. ఆ శిక్షణ నిచ్చిన ఆచార్యులలో యోసెఫ్ ఆల్బర్స్ ఒకరు. ఆయన విద్యార్థులకు పాత వార్తాపత్రికలు పంచి, ఏమియు వ్యర్థము కాకుండ ఆ కాగితముతోనే ఏదైన చేయుడని కోరెడివారు. కొందరు ఓడలు చేసిరి, కొందరు కోటలు కట్టిరి. కాగితమును నిలువుగా మడిచి, అది తన అంచుపై తానే నిలబడునట్లు చేసిన సాదా పనినే ఆయన మెచ్చుకొనిరని ఆనాటి విద్యార్థి యొకరు తెలిపిరి. చేత పట్టుకొన్నపుడు వాలిపోవు పలుచని కాగితమునకు ఒక్క మడత బలము నిచ్చును. ఆ వస్తువు స్వభావమును కనిపెట్టినవాడు దానిని మడిచినవాడే.

1933లో బౌహౌస్ మూతపడగా ఆల్బర్స్ అమెరికాకు వెళ్లి అచ్చట బోధన సాగించిరి. రంగుల పరస్పర ప్రభావమును గూర్చి 1963లో ఆయన ప్రకటించిన గ్రంథములోని అభ్యాసములు నేటికిని తరగతులలో జరుగుచున్నవి. ఒకే రంగును రెండు రంగులుగా కనిపింపజేయుట వానిలో ప్రసిద్ధమైనది. దీనిని పాఠకులు ఇంటివద్దనే చేసి చూడవచ్చును. నడిమిరకపు బూడిదరంగు కాగితమునుండి రెండు చిన్న చతురస్రములను కత్తిరించి, ఒకదానిని నల్లని కాగితముపైనను, మరియొకదానిని తెల్లని కాగితముపైనను ఉంచుడు. నలుపుపై నున్నది లేతగాను, తెలుపుపై నున్నది ముదురుగాను కనిపించును. రెండును ఒక్క కాగితపు ముక్కలే యని తెలిసియు కన్ను ఒప్పుకొనదు. కన్ను ఏ రంగును ఒంటరిగా తూచదు. చుట్టునున్న వానితో పోల్చియే తూచును. మీ బిడ్డ రాత్రివేళ కత్తిరించు కాగితముల అర్థమిదియే.

తరువాతి అభ్యాసములు అక్షరములను గూర్చినవి. ఒక పెండ్లి శుభలేఖనో, బస్సుల వేళల పట్టికనో మరల కూర్చి తెమ్మని ఉపాధ్యాయుడు ఆదేశించును. విద్యార్థి మొదట అలంకారమునకు పూనుకొనును. లతలు, చిలుకలు, బంగారు అంచులు చేరును. ముహూర్తమెప్పుడో, విడిది ఎక్కడో వెదకవలసి వచ్చును. అప్పుడు ఉపాధ్యాయుడు కనురెప్పలు సగము మూసి చూడుమని చెప్పును. మసకగా చూచినపుడు కూడ ముందుగా తోచునదేది? అది చదువరికి మొదట కావలసిన విషయమేనా? కానిచో పని మరల మొదలు. ఒక అభ్యాసమునకు పది చిత్తుప్రతులు కావలసి వచ్చుట ఇందువలననే.

తెలుగు విద్యార్థికి ఇచ్చట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఈ విద్యలోని పాఠ్యగ్రంథములు అధికముగా ఇంగ్లీషువి. అందలి కొలతలు రోమను లిపికి ఏర్పడినవి. మన లిపిలో అక్షరముపై గుడియో ఏత్వమో నిలుచును. అడుగున వత్తు చేరును. 'రాష్ట్రీయ' అను మాటలో ఒక్క అక్షరమునకే పైన గుడిదీర్ఘము, వెంట టవత్తు, రవత్తు కలవు. ఇంగ్లీషు పంక్తులకు సరిపోవు ఎడమునే తెలుగు పంక్తుల నడుమ ఉంచినచో, పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకును. పుట చూచుటకు చక్కగానే ఉండవచ్చును గాని చదువరికి ప్రతి పంక్తియు తడబాటే. కావున అరువు తెచ్చిన కొలతను విడిచి, తన లిపినే కొలిచి చూచుట తెలుగు విద్యార్థికి అవశ్యకర్తవ్యము.

ఇక వెబ్ సంగతి. 1989లో టిమ్ బర్నర్స్-లీ స్విట్జర్లాండు దేశమునందలి సెర్న్ పరిశోధనాలయమున ఈ పద్ధతిని ప్రతిపాదించిరి. 1991లో అది లోకమునకు అందుబాటులోనికి వచ్చినది. అచ్చైన పుట కొలత స్థిరము. వెబ్ పుట కొలత దానిని కూర్చినవాని చేతిలో లేదు. ఒకరు పెద్ద తెరపై చూతురు, ఒకరు అరచేతిలోని ఫోనుపై చూతురు. తెర వెడల్పును బట్టి పుట తనంత తాను సర్దుకొనవలెనను పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ అను రూపశిల్పి ఒక పేరు పెట్టి ప్రచారము చేసిరి. నేడు విద్యార్థి తన పుటను పెక్కు వెడల్పులలో పరీక్షించి చూపవలసి యుండును.

మరియొక పరీక్ష వెలుగునకు సంబంధించినది. తెల్లని తెరపై లేతబూడిద అక్షరములు యౌవనమున నున్న కంటికి నాజూకుగా తోచును. అదే పుటను ఎండలో నిలబడి, వయసు మీరిన కంటితో చదువ ప్రయత్నించిన ఏమియు కనిపింపదు. అందుచేత అక్షరమునకును దాని వెనుకనున్న రంగునకును కాంతిభేదము సాధారణముగా 4.5కు 1 నిష్పత్తికి తగ్గరాదని 2008లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. శుద్ధమైన నలుపు తెలుపుల నడుమ ఈ నిష్పత్తి 21కి 1.

చూపు లేనివారికి వెబ్ పుట రేడియో వంటిది. పుటలోని మాటలను పైకి చదివి వినిపించు సాధనములు కలవు. కాని ఒక ప్రకటనను కేవలము బొమ్మగా పెట్టి, దాని వెనుక మాటలు చేర్చకున్నచో ఆ సాధనము మూగవోవును. పింఛను దరఖాస్తుకు గడువు తేదీ అట్టి బొమ్మలోనే యున్నదనుకొనుడు. విద్యార్థి చేసిన చిన్న లోపము ఒక వృద్ధుని పింఛనుకే అడ్డము రావచ్చును. తరగతిలో ఈ అభ్యాసము తప్పినవారికి కొన్ని మార్కులే పోవును. లోకములో తప్పిన నష్టపడువారు ఇతరులు.

మన దేశమున ఈ విద్యకు చరిత్ర కలదు. భారత ప్రభుత్వము కోరగా అమెరికా రూపశిల్పులు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఒక నివేదిక సమర్పించిరి. అందు వారు మన చెంబును గొప్పగా ప్రశంసించిరి. మోయుటకు, వంచుటకు, తోముటకు తరతరముల వాడుకచేత కుదిరిన రూపము దానిది. ఆ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైన్ సంస్థ వెలసినది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోను అట్టి సంస్థ ఆరంభమైనది.

తరగతిలో పనులను గోడకు తగిలించి అందరును పరిశీలింతురు. ఇట్టి పరిశీలనలో పని చేసినవాడు ముందుగా మాటలాడకుండుట మంచిది. చదువరికి పుట యందును రూపశిల్పి ప్రక్కన నిలిచి వివరింపడు గదా! ఈ విషయమున ఇంటివారును తోడ్పడవచ్చును. బిడ్డ తన పనిని చూపినపుడు బాగున్నదనియో బాగులేదనియో చెప్పి ఊరకొనవలదు. మొదట మీ కంటికి కనిపించినదేది, మీకు అర్థమైనదేది, చదువలేకపోయినదేది, ఆ మూడును చెప్పుడు. అమ్మమ్మ చేతికిచ్చి ఆమెచేత చదివింపుడు. ఆమె ఆగినచోటనే బిడ్డ దిద్దుకొనవలసిన పని యున్నది.