పదమూడు వారాల చుట్టాలు, పెట్టెలోని పహిల్వాన్లు

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర అయ్యేసరికి ఒకప్పుడు మీ ఇంట్లో ఏం జరిగేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఇడ్లీ పాత్ర దించేసి, పిల్లల తలంట్లు గబగబా ముగించి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ టీవీ ముందుకి పరుగెత్తిన రోజులు కావూ అవి? ఇరుగుపొరుగు వాళ్ళు అప్పటికే చాపల మీద సర్దుకు కూచుని వుండేవారు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పే బాధ్యత ఇంట్లో ఆఖరివాడిది. "వచ్చిందా?" "లేదు!" "ఇప్పుడూ?" "ఆఁ, వచ్చింది... కదపకు, కదపకు!"

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడు ఫోన్లో ఏదో చూస్తూ "నానమ్మా, ఈ లావుపాటాయన ఎవరో చూడు" అన్నాడు. చూద్దును కదా, దారాసింగ్! పక్కన మా అబ్బాయి కూడా వచ్చి కూచున్నాడు. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం పాత కుస్తీలతో మొదలుపెట్టి, పాత సీరియల్స్ దాకా వెళ్ళిపోయాం. పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి కూడా తెలీలేదు. ఆ పూట నాకు తెలిసొచ్చిన నాలుగు విషయాలు మీతో చెప్పుకోవాలనిపించింది.

పదమూడు వారాలే పరిచయం

ఈ రోజుల్లో ఒక సీరియల్ మొదలైతే పెళ్ళికావలసిన పిల్ల ఇద్దరు బిడ్డల తల్లయ్యేదాకా సాగుతూనే వుంటుంది. వెయ్యి భాగాలు దాటినా ఆశ్చర్యం లేదు. దూరదర్శన్ రోజుల్లో అలా కాదు. చాలా సీరియల్స్ పదమూడు భాగాలకే మంజూరయ్యేవి. పదమూడు వారాలంటే ఏడాదిలో పావు వంతు. జనానికి నచ్చితే ఇంకో పదమూడు. లేకపోతే సెలవు! పండక్కొచ్చిన చుట్టాల్లాగా వచ్చి, నవ్వించి, మనం ఇంకా వుండమంటుండగానే వెళ్ళిపోయేవి.

1985లో వచ్చిన 'రజని' గుర్తుందా? బాసూ చటర్జీ తీసిన ఆ సీరియల్లో ప్రియా టెండూల్కర్ మనలాంటి గృహిణే. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు సతాయించినా, టాక్సీవాడు రానని మొండికేసినా, "మనకెందుకులే" అని ఊరుకునేది కాదు. కొంగు బిగించి వెళ్ళి నిలదీసేది. టాక్సీవాళ్ళ మీద వచ్చిన భాగం చూసి బొంబాయిలో టాక్సీ డ్రైవర్లు దూరదర్శన్ ముందు నిరసనకి దిగారంటే ఆ బాణం ఎక్కడ తగిలిందో చూడండి! ప్రియా టెండూల్కర్ 2002లో, ఏభై ఏళ్ళు కూడా నిండకుండానే వెళ్ళిపోయారు. కానీ సరుకు తూకం తేడా వస్తే ఈనాటికీ నాకు రజనే గుర్తొస్తుంది.

'మిస్టర్ యోగి' ఇంకో సరదా. 1980ల చివర్లో వచ్చింది. అమెరికా నుంచి దిగిన పెళ్ళికొడుకు పన్నెండు రాశులకీ ఒక్కో అమ్మాయి చొప్పున పన్నెండు పెళ్ళిచూపులు చూస్తాడు. మోహన్ గోఖలే ఆ పాత్ర వేశాడు. మధు రాయ్ రాసిన గుజరాతీ నవల దానికి ఆధారం. అదే కథని 2009లో 'వాట్స్ యువర్ రాశీ' అని సినిమాగా కూడా తీశారు. పెళ్ళిచూపుల్లో ఉప్మా పళ్ళెం పట్టుకుని వణికిన ప్రతి ఆడపిల్లా చూసి నవ్వుకోవలసిన సీరియల్ అది.

కారెట్ కొరుక్కుంటూ హంతకుల్ని పట్టేసే 'కరమ్‌చంద్' కూడా 1985 నాటివాడే. పంకజ్ కపూర్‌కి అది ఎంత పేరు తెచ్చిందంటే, పిల్లలు కారెట్లు తినడం లేదని బాధపడే తల్లులకి ఆ వారాల్లో కాస్త సుఖంగా వుండేది! శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్'ని కర్ణాటకలోని ఆగుంబేలో చిత్రీకరించారు. అందులో స్వామి వేషం వేసిన మంజునాథ్‌ని చూసి మన పిల్లాడే అనుకోని ఇల్లు లేదు.

సర్ఫ్ ప్రకటనలో లలితాజీ జ్ఞాపకముందా? చవకైన సరుకుకీ మంచి సరుకుకీ తేడా చెప్పిన ఆ ఇల్లాలు కవితా చౌదరి. 1989లో 'ఉడాన్' అనే సీరియల్‌ని ఆవిడే రాసి, తీసి, పోలీసాఫీసరుగా నటించారు కూడా. తన సొంత అక్కగారు కంచన్ చౌదరి భట్టాచార్య కథే దానికి స్ఫూర్తి. ఆ అక్కగారు 2004లో ఉత్తరాఖండ్‌లో దేశంలోకెల్లా మొదటి మహిళా డీజీపీ అయ్యారు. కవితా చౌదరి 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ వార్త చదివినరోజు నాకు బట్టలు నానబెడుతుంటే కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

ఆంజనేయుడు పహిల్వానే!

1987 జనవరి 25న 'రామాయణ్' మొదలైంది. మా అత్తగారు టీవీకి పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి గానీ చూసేవారు కాదు. హనుమంతుడు తెరమీదికి రాగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవారు. పక్కన మా మామగారు మాత్రం మీసాల్లో నవ్వుకుంటూ, "ఆయన మా దారాసింగే!" అనేవారు.

ఆ వేషం కట్టేనాటికి దారాసింగ్‌కి దగ్గర దగ్గర అరవయ్యేళ్ళు. 1928లో అమృత్‌సర్ దగ్గర పల్లెటూళ్ళో పుట్టిన రైతుబిడ్డ. సుమారు రెండొందల కిలోల కింగ్‌కాంగ్ అనే మల్లుడితో ఆయన తలపడుతున్నాడంటే ఊళ్ళకి ఊళ్ళే కదిలేవి. 1968లో బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెస్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అనిపించుకున్నాడు. కుస్తీ నుంచి సినిమాల్లోకి వచ్చి, ముంతాజ్‌తో వరసగా సినిమాలు చేశాడు. 2012 జూలై 12న ముంబైలో కన్నుమూశాడు. 2020 లాక్‌డౌన్‌లో 'రామాయణ్' మళ్ళీ వేసినప్పుడు, ఆయన పోయాక పుట్టిన పిల్లలు కూడా ఆయనకి దణ్ణాలు పెట్టారు!

కుస్తీ మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. వీరఘట్టంలో పుట్టి 'కలియుగ భీమ' అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి కథలు మన తాతల నోట విన్నవే కదా.

మా ఇంట్లో విరిగిన ఎముక

ఇక్కడ మీకు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1994లో మా వీధికి కేబుల్ వచ్చింది. సాయంత్రం పూట విదేశీ కుస్తీలు వచ్చేవి. జులపాల జుట్లు, రంగురంగుల బనియన్లు, ఒకటే అరుపులు. మా మామగారు, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి పక్కపక్కన కూచుని చూసేవారు. ఇంట్లో ఇంకెవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మామగారు ఆ గంటసేపూ మనవడితో గలగలా కబుర్లు చెప్పేవారు. నేను వంటింట్లోంచి "ఏం చూపులో, ఏం మనుషులో" అని సణుక్కుంటూ వుండేదాన్ని.

ఒకరోజు మా అబ్బాయి మంచం అంచు మీదెక్కి, కింద పడుకున్న మా మరిది కొడుకు మీదికి దూకాడు. ఆ పిల్లాడి భుజం దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. తోటికోడలి మొహం చూడలేకపోయాను. ఆ కోపంలో కేబుల్ అబ్బాయిని పిలిచి వైరు పీకించేశాను. మామగారు ఒక్కమాట కూడా అనలేదు. ఆ సాయంత్రం నుంచి వీధి అరుగు మీద ఒక్కరే కూచునేవారు. తర్వాత రెండేళ్ళే వున్నారాయన.

మొన్న ఫోన్లో ఆ కుస్తీలు చూస్తుంటే మా అబ్బాయి నెమ్మదిగా అన్నాడు: "తాతయ్యకి అది నాటకమని తెలుసమ్మా. నాకు మొదటివారమే చెప్పారు. కొట్టేవాణ్ణి కాదురా, పడేవాణ్ణి చూడు, ఎంత ఒడుపుగా పడుతున్నాడో అనేవారు. ఆ రోజు తాతయ్య ఊళ్ళో లేరు. అందుకే దూకాను."

ఆ మాట విన్నాక చాలాసేపు నాకు నోట మాట రాలేదు. నేను తీయించింది కేబుల్ వైరు ఒక్కటే కాదని ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది.

దెబ్బ నిజమా, నాటకమా?

మామగారు అన్నది అక్షరాలా నిజం. టీవీలో వచ్చే ఈ తరహా కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. 1989లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థవాళ్ళే ఇది పోటీ కాదు, వినోదమని అమెరికాలోని న్యూజెర్సీ ప్రభుత్వం ముందు ఒప్పుకున్నారు. మన ఊరి మట్టి గోదాలో పట్టే కుస్తీ వేరు, ఇది వేరు.

మరి అంత చప్పుడెలా వస్తుందంటారా? ఆ అరుగు కింద ఉక్కు దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి పరుపు, ఆ పైన కాన్వాసు గుడ్డ పరుస్తారు. మనిషి పడగానే చెక్కలు కాస్త వంగి ధడేలుమంటాయి. గుద్దేవాడు అదే క్షణంలో కాలు నేలకేసి కొడతాడు. పడేవాడు గడ్డం గుండెకి ఆనించి, చేతులు చాపి, వీపంతా ఒకేసారి నేలకి తగిలేలా పడతాడు. దెబ్బ ఒకచోట కాకుండా ఒళ్ళంతా పంచుకుంటుందన్నమాట. ఇందుకు ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. అంత నేర్చినా మోకాళ్ళు, మెడలు దెబ్బతిన్నవాళ్ళు ఎందరో! కథ నాటకమే కానీ నొప్పి నాటకం కాదు.

ఆడవాళ్ళేం తక్కువ?

కుస్తీ మగవాళ్ళ వ్యవహారమనుకుంటే పొరపాటు. అమెరికాలో టీవీ కొత్తగా వచ్చిన 1940ల చివర్లో 'గార్జియస్ జార్జ్' అనే మల్లుడుండేవాడు. బంగారు రంగు ఉంగరాల జుట్టుతో, పట్టు అంగీలతో వచ్చి, బంగారుపూత పూసిన తలపిన్నులు జనంలోకి విసిరేవాడు. ఆయనకంటే ముందు నౌకరు వచ్చి గోదా అంతా సెంటు కొట్టేవాడు!

అక్కడే 1986 నుంచి 1990 దాకా 'గ్లో' అని ఆడవాళ్ళ కుస్తీ కార్యక్రమం నడిచింది. లాస్ వేగాస్‌లో ఒక హోటల్లో తీసేవారు. చాలామంది కుస్తీ అంటే ఏమిటో తెలీని నటీమణులు, నర్తకీమణులే. నాలుగేళ్ళకే ఆగిపోయినా, దాని ఆధారంగా 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో కొత్త సీరియల్ వచ్చింది. అదీ మూడు సీజన్లకే ఆగిపోయింది. పొట్టి ఆయుష్షు ఆ కథకి రాసిపెట్టి వుందేమో!

అంతకన్నా ముందే మన దేశంలో హమీదా బాను వుంది. ఉత్తరప్రదేశ్‌లో పుట్టి, అలీగఢ్‌లో కుస్తీ నేర్చింది. "నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళాడతా" అని 1954లో సవాలు విసిరింది. బరోడాలో బాబా పహిల్వాన్‌ని 1 నిమిషం 34 సెకన్లలో ఓడించింది. రోజుకి అయిదు లీటర్ల పైచిలుకు పాలు, ఆరు గుడ్లు, రెండు ప్లేట్ల బిర్యానీ ఆవిడ భోజనంలో భాగమని పత్రికలు రాశాయి. కానీ విదేశాలకి వెళ్ళి కుస్తీ పడతానంటే, శిక్షణ ఇచ్చిన మనిషే చేతులు విరిగేలా కొట్టాడని ఆవిడ మనవడు చెప్పాడు. చివరి రోజుల్లో కల్యాణ్‌లో పాలు, చిరుతిళ్ళు అమ్ముకుని బతికింది. గోదాలో ఓడని మనిషి ఇంట్లో దెబ్బ తింది. ఇందులో నాటకమేమీ లేదు.

మీరూ మళ్ళీ చూస్తారా?

పాత సీరియల్స్, పాత కుస్తీలు చాలావరకు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. అయితే చిన్న సలహాలు:

- పిల్లలు కుస్తీ చూస్తానంటే గదమాయించకండి. పక్కన కూచోండి. ఇది ముందే సాధన చేసుకుని ఆడేదని మొదటిరోజే చెప్పండి. పడేవాణ్ణి చూడమనండి.
- మంచాల మీద నుంచి దూకడం, మెడ పట్టి తిప్పడం ఆటగా కూడా ఒప్పుకోకండి. ఆ ఉత్సాహం వున్న పిల్లల్ని దగ్గర్లోని వ్యాయామశాలలో చేర్పించండి.
- పాత సీరియల్ రోజుకొక్క భాగమే చూడండి. ఒక్క రాత్రిలో పదమూడూ ముగించేస్తే ఆ ఎదురుచూపుల రుచి తెలీదు.
- ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళు ఒకప్పుడు ఇష్టపడి చూసినదేదో అడిగి మరీ పెట్టండి. బొమ్మ కన్నా వాళ్ళు చెప్పే కబుర్లే బాగుంటాయి.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట నేను, మా అబ్బాయి, మనవడు కలసి కూచుంటున్నాం. ఒకవారం రజని, ఒకవారం దారాసింగ్. మామగారి పడక్కుర్చీలో నేనే కూచుంటున్నాను. మనవడు కళ్ళింత చేసుకుని "ఎవరు గెలుస్తారు నానమ్మా?" అంటే, "గెలిచేవాడి సంగతి తర్వాత, ముందు ఆ పడేవాణ్ణి చూడరా" అంటున్నాను. మా అబ్బాయి నావైపు చూసి నవ్వుతున్నాడు, అచ్చం వాళ్ళ తాతగారిలాగే!