మార్పుచేసిన మోటారు బండికి భీమా : రైతులు తెలిసికొనవలసిన సంగతులు

భీమా యనునది పరస్పర సహాయమునకు మరియొక పేరు. సంఘములో పదిమంది చేర్చిన చిన్న మొత్తములు కష్టకాలమున నొకని కక్కరకు వచ్చునట్లే, వేలకొలది బండ్ల యజమానులు కట్టు ప్రీమియము ప్రమాదమునకు లోనైన యొక యజమానిని నిలువబెట్టును. సంఘమునుండి యప్పు తీసికొనునపుడు భూమి విస్తీర్ణమును, పాత బాకీలను దాచక చెప్పుట యెట్లు సభ్యుని విధియో, భీమా కంపెనీకి బండి నిజస్థితిని దాచక చెప్పుటయు నట్లే యజమాని విధి. ఈ విధిని మరచినవాడు ఏటేట ప్రీమియము కట్టియు, ఆపత్కాలమున వట్టిచేతులతో నిలువవలసి వచ్చును.

గుర్రంకొండ ప్రాంతపు రైతులకు ఈ సంగతి ముఖ్యమైనది. ఇచ్చట టమోటా పంట అనేక కుటుంబములకు ఆధారము. పండిన కాయ నిలువ యుండదు. దానిని వేళకు గుర్రంకొండ మండీకో, మదనపల్లె మార్కెట్టు యార్డుకో చేర్చవలయును. కిరాయి భారమైనపుడు రైతు పాత కారునో జీపునో తక్కువ ధరకు గొని, వెనుక సీట్లు ఊడదీయించి క్రేట్లకు చోటు చేయించును. బరువు మోయుటకు కమాను కట్టలు చేర్పించును. పెట్రోలు ఖర్చు తగ్గుటకు గ్యాసు కిట్టు పెట్టించును. షెడ్డులో ఈ పని రెండు మూడు దినములలో ముగియును. కాగితములపై జరుగవలసిన పని మాత్రము మిగిలిపోవును. ఆ పని యేమో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

భీమాలో రెండు భాగములు

భీమా తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. మచిలీపట్టణమున 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. మోటారు బండ్లకు భీమా నిర్బంధమగుట మాత్రము తరువాతి మాట. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని భీమా ప్రకరణము 1946 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. ఇప్పుడు అమలునందున్నది 1988వ సంవత్సరపు చట్టము. దీని 146వ సెక్షను ప్రకారము భీమా లేని బండిని బహిరంగ స్థలమున నడుపరాదు. నడిపినచో మొదటి తప్పునకు రూ. 2,000 జుల్మానా గాని, మూడు మాసములవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును.

చట్టము నిర్బంధించునది పరుల నష్టమునకు సంబంధించిన భీమా మాత్రమే. మన బండివలన ఇతరుడు చనిపోయినను, గాయపడినను, వాని ఆస్తి చెడినను దానికి చెల్లించునది ఈ భాగము. మన బండియే విరిగినను, కాలినను, దొంగిలింపబడినను చెల్లించునది స్వంత నష్టపు భాగము. ఇది యజమాని ఇష్టము. బండిలోని మార్పు ఈ రెండు భాగములకును తగులును. అయితే తగులు విధము వేరు.

మార్పు అనగా నేమి?

చట్టములోని 52వ సెక్షను ఈ విషయమునకు మూలము. తయారుచేసిన కంపెనీ మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదని దాని సారాంశము. 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టు, కేరళ రాష్ట్రమునుండి వచ్చిన యొక వ్యాజ్యములో ఈ నియమమునే స్థిరపరచినది. మన సౌలభ్యముకొరకు మార్పులను మూడు తెగలుగా విభజించుకొనవచ్చును.

మొదటి తెగ : చిన్న అమరికలు. రేడియో, సీట్ల తొడుగులు మొదలగునవి. వీనివలన బండి స్వరూపము మారదు. కాని వీనికి నష్టపరిహారము కావలెనన్నచో, కంపెనీనుండి బండితో రాని ప్రతి వస్తువును దాని వెలతో పాలసీలో వేరుగా వ్రాయింపవలయును.

రెండవ తెగ : అనుమతితో చేయదగినవి. ఆమోదము పొందిన గ్యాసు కిట్టు అమర్చుట, చెడిన ఇంజనును అదే తయారీ, అదే రకపు ఇంజనుతో మార్చుట ఈ తెగలోనివి. కాలో చేయో కోల్పోయిన వానికి అనువుగా బండిని సవరించుటకు 2019వ సంవత్సరపు సవరణ చట్టము వీలు కల్పించినది. వీనికి రవాణా కచ్చేరి అనుమతియు, రిజిస్ట్రేషను పత్రములో నమోదును ఉండవలయును. వంటింటి గ్యాసు సిలిండరును కారులో వాడుట మాత్రము ఏ విధముగను అనుమతికి పాత్రము కాదు; అది ప్రాణములకే ముప్పు.

మూడవ తెగ : చేయరానివి. చాసిస్సును కోసి పొడిగించుట, కారు వెనుక భాగమును కోసి తొట్టిగా మార్చుట, సీట్లు తీసివేసి ప్రయాణికుల కారును సరకుల బండివలె వాడుట. సీట్ల సంఖ్య రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడి యుండునని మరువరాదు. అనుమతి లేని ప్రతి మార్పునకు 182-ఎ సెక్షను క్రింద రూ. 5,000 చొప్పున జుల్మానా గాని, ఆరు మాసములవరకు ఖైదు గాని, రెండును గాని కలుగవచ్చును. సరకులు మోయుటయే ప్రయోజనమైనచో, సరకుల బండిగానే రిజిస్టరైన చిన్న బండిని కొనుట మేలు.

దాచినచో నేమగును?

ఒక రైతును దలచుకొందము. అతడు కారునకు ఊరి షెడ్డులో గ్యాసు కిట్టు పెట్టించి, వెనుక సీట్లు తీయించి, పండ్రెండు క్రేట్లు ఎక్కించి, పొరుగువాని కాయలను గూడ కిరాయికి వేసికొని పోవుచున్నాడు. పాలసీలో అది స్వంత వాడుకకైన పెట్రోలు కారు. దిగువబాటలో బండి అదుపుతప్పి ఎదుటివానిని గుద్ది, పిదప నిప్పంటుకొన్నది. దావా వేయగా సర్వేయరు వచ్చును. అతడు మొదట చూచునది రిజిస్ట్రేషను పత్రము, తరువాత చూచునది బండి. పత్రములో పెట్రోలు, బండిలో గ్యాసు. పత్రములో అయిదు సీట్లు, బండిలో రెండు. నిప్పు గ్యాసు గొట్టమునుండి పుట్టినదని తేలినచో స్వంత నష్టపు దావా నిలుచుట మిక్కిలి కష్టము.

గాయపడినవానిని చట్టము సామాన్యముగా విడిచిపెట్టదు. అయినను రైతు తప్పించుకొన్నట్లు కాదు. స్వంత వాడుకకైన బండిని కిరాయికి త్రిప్పుట, ముఖ్యమైన సంగతిని దాచి పాలసీ పొందుట మొదలగువానిని కంపెనీ తన రక్షణగా చెప్పుకొనుటకు 150వ సెక్షను అవకాశ మిచ్చుచున్నది. అట్టి సందర్భములలో కంపెనీ ముందు బాధితునకు చెల్లించి, పిదప ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొనవచ్చునని న్యాయస్థానములు అనేక పర్యాయములు ఆజ్ఞాపించినవి. ఒక ప్రాణమునకు విధింపబడు పరిహారము లక్షలలో నుండును. దానికి ఆధారము రైతు పొలము గాక మరేమున్నది?

అయితే ప్రతి మార్పును కారణముగా జూపి దావాను పూర్తిగా త్రోసివేయు హక్కు కంపెనీకి ఉన్నదనుకొనరాదు. 2008లో సుప్రీంకోర్టు, దొంగిలింపబడిన యొక బండి విషయమున, ఉల్లంఘనకును దొంగతనమునకును సంబంధము లేనపుడు దావాను పూర్తిగా నిరాకరించుట తగదని చెప్పినది. 2010లో మరియొక వ్యాజ్యమున, స్వంత కారు కిరాయికి త్రిప్పబడినదను కారణముతో దావాను సమూలముగా త్రోసివేయరాదని తీర్పు చెప్పినది. వాడుకకు సంబంధించిన షరతు తప్పినపుడు, ఒప్పుకొనదగిన మొత్తములో నూటికి 75 వంతులవరకు చెల్లింపవచ్చునను పద్ధతి ఆ తీర్పులో ప్రస్తావింపబడినది. కాని ఈ తీర్పులు ఏండ్ల తరబడి పోరాడినవారికి లభించినవి. వానిని నమ్ముకొని మార్పును దాచుట, వైద్యుడున్నాడని విషము త్రాగుట వంటిది.

ట్రాక్టరు సంగతి

కారు విషయమున చెప్పినదే ట్రాక్టరునకును చెల్లును. ట్రైలరును తగిలించుటయు బండి వాడుకను మార్చునదే. ట్రైలరునకు వేరుగా రిజిస్ట్రేషను ఉండవలయును. పాలసీలో దాని ప్రసక్తి ఉండవలయును. 2004లో సుప్రీంకోర్టుకు వచ్చిన యొక వ్యాజ్యములో, కూరగాయల వర్తకుడొకడు తాను గొన్న సరకుతో ట్రాక్టరు ట్రైలరుపై సంతకు పోవుచు ప్రమాదమున మరణించెను. వర్తకుని సరకును మోయుట వ్యవసాయ కార్యము కాదనియు, కంపెనీ బాధ్యురాలు కాదనియు కోర్టు నిర్ణయించినది. కూరగాయలు పొలమునుండి వచ్చినవే యైనను, వాడుక మారినందున భీమా చెల్లలేదు. కూలీలను ట్రైలరుపై నెక్కించుకొని పోవువారు ఈ సంగతిని మరింత శ్రద్ధగా గమనింపవలయును.

ప్రీమియ మెంత పెరుగును?

మార్పును తెలిపినచో ప్రీమియము మోయరానంతగా పెరుగునను భయముతో కొందరు దాచుచుందురు. ఈ భయము సరియైనది కాదు. 2002 జూలైలో అమలునకు వచ్చిన ఇండియా మోటారు టారిఫులో గ్యాసు కిట్టునకు దాని వెలలో నూటికి 4 వంతులు స్వంత నష్టపు ప్రీమియమునకును, రూ. 60 పరుల నష్టపు ప్రీమియమునకును చేర్చునట్లు విధింపబడినది. ఈ లెక్కన రూ. 30,000 వెలగల కిట్టునకు సంవత్సరమునకు రూ. 1,260 అగును, పన్ను వేరు. వికలాంగుల కొరకు సవరించిన బండ్లకు స్వంత నష్టపు ప్రీమియములో సగము తగ్గింపు ఆ టారిఫులో గలదు. 2007నుండి స్వంత నష్టపు ధరలను కంపెనీలే నిర్ణయించుకొనుచున్నవి గనుక కొంత హెచ్చుతగ్గు లుండవచ్చును. రెండు మూడు కంపెనీలను విచారించుట మంచిది.

బండి భీమా విలువ ఏటేట తగ్గును. ఆ టారిఫు ప్రకారము రెండేండ్లు దాటిన బండికి క్రొత్త వెలలో నూటికి 30 వంతులు, మూడేండ్లు దాటినచో 40, నాలుగేండ్లు దాటినచో 50 తరుగు తీయుదురు. అయిదేండ్లు దాటినచో కంపెనీయు యజమానియు ఒప్పుకొన్నదే విలువ. పాత కారును గొనువారు ఆ విలువను అడిగి తెలిసికొని వ్రాయించుకొనవలయును.

చేయవలసిన పద్ధతి

1. మార్పునకు ముందే రవాణా కచ్చేరిలో విచారించి, అది అనుమతింపదగినదో కాదో తెలిసికొనవలయును.

2. బండి అప్పుపై కొన్నదైనచో, అప్పిచ్చినవారి సమ్మతిని వ్రాతమూలముగా పొందవలయును.

3. ఆమోదము పొందిన కిట్టును, ఆమోదము పొందిన చోటనే పెట్టించి, బిల్లును, కిట్టు సర్టిఫికెట్టును భద్రపరుపవలయును. సి.ఎన్.జి. సిలిండరును మూడేండ్ల కొకమారు పరీక్ష చేయింపవలయును.

4. ముందుగా అనుమతి లేక మార్పు జరిగియున్నచో, పదునాలుగు దినములలోపల రవాణా కచ్చేరికి తెలిపి, సీబుక్కు అని మనవారు పిలుచు రిజిస్ట్రేషను పత్రమును నమోదుకై పంపవలయును.

5. నమోదైన పత్రపు నకలుతో భీమా కంపెనీకి వ్రాతమూలముగా తెలిపి, పాలసీపై ఎండార్సుమెంటు పొందవలయును. ఏజెంటుతో నోటిమాటగా చెప్పుట చాలదు. రశీదు తప్పక తీసికొనవలయును.

6. మార్పుచేసిన పాత బండిని గొనువాడు బండిని, సీబుక్కును, పాలసీని ప్రక్కప్రక్కన నుంచి సరిచూచుకొన్న పిమ్మటనే సొమ్ము చెల్లింపవలయును.

దావాను అన్యాయముగా త్రోసివేసినచో ముందు కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలయును. ఒక మాసములో తృప్తికరమైన జవాబు రానిచో, హైదరాబాదులోని ఇన్స్యూరెన్సు అంబుడ్స్‌మన్ కచ్చేరికి ఉచితముగా మొరపెట్టుకొనవచ్చును. దీనికి ఒక సంవత్సరము గడువు గలదు. జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయించుటయు గలదు.

చెప్పిన దంతయు నొక్క మాటలో నిముడును. బండిలో నున్నది, సీబుక్కులో నున్నది, పాలసీలో నున్నది, ఈ మూడును ఒక్కటిగా నుండవలయును. మూడింటిలో నే యొక్కటి వేరైనను, రైతు కట్టిన ప్రీమియము గట్టు తెగిన చెరువులో నింపిన నీటివంటిది. సభ్యులు రాబోవు సీజనునకు కాయలు కోతకు రాకమునుపే, ఒకనాటి సాయంకాలము ఈ మూడింటిని ముందుంచుకొని సరిచూచుకొందురు గాక. చదువురాని పొరుగువాని పాలసీని గూడ చదివి చెప్పుట సహకార ధర్మము.