ప్రైవేటు విశ్వవిద్యాలయం: ఎవరి అభిప్రాయం?

ఆమదాలవలసలో రైలెక్కితే రెండు మూడు గంటల్లో విశాఖ. అక్కడి గీతం 1980లో ఇంజనీరింగు కాలేజీగా మొదలై, 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. ఇలాంటి చోట్ల చదువెలా ఉందని అడిగితే విద్యార్థులు ల్యాబులు, హాస్టలు, ఉద్యోగాల సంగతి చెబుతారు. అవి అబద్ధాలు కావు. కానీ ఫీజు కట్టగలిగినవాళ్ళ మాటలవి. గేటుదాకా రాలేని కూలోళ్ళ పిల్లల్ని ఎవరడిగారు?

ప్రైవేటు సంస్థల్లోనూ (మైనారిటీవి మినహా) రిజర్వేషన్లకు 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ వీలు కల్పించింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయితే అది వీలు మాత్రమే. అమలుకు వేరే చట్టం కావాలి. పార్లమెంటు 2006లో చేసిన చట్టమేమో కేంద్రం నడిపే, సాయమిచ్చే సంస్థలకే పరిమితం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సర్కారు హాస్టలు లేకుంటే ఇది రాసేవాణ్ణి కాను. అభిప్రాయ సేకరణ గేటు బయట మొదలవ్వాలి.