బాధను దాచాలా, చెప్పాలా?

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో సామాన్లు సర్దుతారు. స్నేహితులను వదిలి వచ్చిన బాధను మాత్రం మనం లోపలే దాచుకుంటాం. ఎవరడిగినా "ఏం లేదు, బాగానే ఉన్నాను" అంటాం. అలా దాచుకుంటే చదువు బాగుంటుందా?

జేన్ రిచర్డ్స్, జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ ప్రయోగాల ఫలితాలను 2000లో ప్రచురించారు. భావాలు ముఖంలో కనబడకుండా అణచుకున్నవారికి ఆ సమయంలో విన్న విషయాలు తక్కువగా గుర్తున్నాయి. ముఖానికి కాపలా కాయడానికే ధ్యాస ఖర్చవుతుందన్నమాట.

అలాగని అరిచేయడమూ పరిష్కారం కాదు. మేముండే వాట్‌గంజ్ పక్కనే ఖిదిర్‌పూర్ డాక్ ఉంది. హుగ్లీలో ఆటుపోట్లకు నీటిమట్టం మారుతుంటుంది. అందుకే లాక్‌గేటు దగ్గర నీటిని సమం చేశాకే ఓడను వదులుతారు. మనసుకూ అలాంటి గేటు కావాలి.

1986లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో జేమ్స్ పెన్నబేకర్ విద్యార్థులచేత తమ కష్టాన్ని నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. జరిగినదానితోపాటు తమ భావాలనూ రాసినవారు తరువాతి నెలల్లో వైద్యుడి దగ్గరకు తక్కువగా వెళ్లారు.

మనమూ రాద్దాం. బయట బంగ్లా, బడిలో హిందీ మాట్లాడినా, ఏడుపొచ్చేది తెలుగులోనే కదా! అమ్మకో, టీచరుకో చెబుదాం. అప్పటికీ బాధ తగ్గకపోతే టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉంది.