ఘాట్‌లో బ్రేకు జారితే ముందు చూడాల్సింది ఆయిల్

మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక శ్రీశైలం రోడ్డు చాలాదూరం అమ్రాబాద్ పీఠభూమి మీద సాగి, చివర్లో మెలికలు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగుతుంది. ఊళ్లో బాగానే పట్టిన పాత కారు బ్రేకు ఇలాంటి దిగుడులో వదిలేస్తే అందరూ ప్యాడ్లనూ లైనర్లనూ తప్పుపడతారు. ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ను అంటాను. వెయ్యి కిలోల కారు 300 మీటర్లు కిందికి దిగితే దాదాపు 29 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. 10 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి అది సరిపోతుంది. ఇంజిన్, ఎదురుగాలి కొంత పంచుకున్నా మిగిలిన వేడినంతా డిస్కులూ డ్రమ్ములే భరించాలి. అక్కణ్నుంచి అది ఆయిల్‌కు చేరుతుంది. మనం వాడే బ్రేక్ ఆయిల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి, సుమారు 3.7 శాతం నీరు చేరాక 140 ఉంటే చాలని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. అందుకే పెడల్ అడుగుదాకా పోయినా బండి ఆగదు. చల్లారాక అంతా మామూలైపోతుంది కాబట్టి మర్నాడు మెకానిక్‌కు ఏ లోపమూ కనిపించదు.

వేడికి ప్యాడ్లూ పట్టు తప్పుతాయి కదా అనవచ్చు. నిజమే. అయితే అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. తేడా కాలికే తెలుస్తుంది. డబ్బాలో ఆయిల్ నిండుగా ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. మట్టం చూస్తే కారడం, ప్యాడ్ల అరుగుదల తెలుస్తాయి తప్ప నీటి సంగతి తెలియదు. బండి తక్కువ తిరిగినా రబ్బరు గొట్టాల గుండా తేమ చేరుతూనే ఉంటుంది. మిగతా లోపాలనూ పెడలే పట్టిస్తుంది. కాలు అదిమి ఉంచినప్పుడు మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినట్టే. మెత్తగా ఉంటే లైనులో గాలి చేరి ఉండాలి, లేదా పాత గొట్టం ఉబ్బుతూ ఉండాలి. మరీ బిగుసుకుపోతే బూస్టర్‌ను పరీక్షించండి: ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. వీటిలో ఏదీ కొత్త ప్యాడ్లతో తీరదు. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే పైపైన పోసి సరిపెట్టకండి. పాతదంతా తీయించి, కొత్తది పోయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు లైన్లలోని గాలి తీయించాకే ఘాట్ ఎక్కండి. దిగేటప్పుడు చిన్న గేరులోనే రండి, ఇంజిన్ మాత్రం ఆపకండి.