కనుమఱుగైన సరకుల పేర్లు

హైదరాబాదునందు మియాపురము సమీపమున నొక కూడలి కలదు. దానిని జనులు ఆల్విన్ చౌరస్తా యందురు. కూకటపల్లి ప్రాంతమున ఆల్విన్ కాలనీ యను పేటయు నున్నది. బస్సు కండక్టరు ఆ పేరు పిలుచును. దిగువారు దిగుదురు, ఎక్కువారు ఎక్కుదురు. ఒకనాడు నాతో గూడ బస్సులో వచ్చుచున్న నా మనుమరాలు, "తాతయ్యా, ఆల్విన్ అంటే ఎవరు?" అని యడిగినది. ఎవరో దొర పేరని యా పిల్ల తలంచినది. "దొర కాదమ్మా, బీరువా" అంటిని. పకపక నవ్వినది. ఆ నవ్వునకు నేను బస్సులో సరియైన సమాధానము చెప్పలేకపోతిని. నేడు చెప్ప ప్రయత్నించెదను.

ఆల్విన్ అనునది ఒక కర్మాగారపు పేరు. 1942 లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లాదీన్ కంపెనీయు కలిసి హైదరాబాదున లోహపు పనులకై దీనిని నెలకొల్పిరి. తరువాత నది రాష్ట్రప్రభుత్వపు సంస్థ యైనది. ఇనుప బీరువాలు, కుర్చీలు, బస్సుల పైకట్టులు, ఫ్రిజ్జులు అందు తయారైనవి. 1980 వ దశకమున జపానుదేశపు సీకో సంస్థ సహకారముతో చేతిగడియారములు గూడ వెలువడినవి. పిమ్మట వాహనముల శాఖ మహీంద్రా వారికిని, ఫ్రిజ్జుల శాఖ వోల్టాస్ వారికిని పోయెను. గడియారముల తయారి నిలిచిపోయెను. సంస్థ చెదరిపోయినది, కూడలికి మాత్రము పేరు మిగిలినది.

ఇట్టి పేర్లు వినినప్పుడు మావంటి పెద్దలకు మనస్సు ద్రవించును. పిన్నలకు ఇది వింతగా దోచును. ఒక పానీయము పోయిన నింకొకటి లేదా? ఒక గడియారము పోయిన వేఱొకటి దొరకదా? వస్తువునకై విలపించుట యేమి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము వస్తువునందు లేదు; దానిపై వేసిన ముద్రయందున్నది.

మన పల్లెలలో కుండ కొనువాడు కుమ్మరిని ఎఱుగును. చీర కొను నిల్లాలు సాలెవానిని ఎఱుగును. కుండ కాఱినచో మఱునాడు వాని వాకిట నిలిచి యడుగవచ్చును. కర్మాగారములు వచ్చిన పిదప చేసినవాడు కొనువానికి కనబడడు. అప్పుడు ముద్రయే వాని ముఖమైనది, ముద్రయే వాని మాటయైనది. ఈ గుఱుతులను ఇతరులు దొంగిలింపకుండ రక్షించుటకై మన దేశమున 1940 లో ప్రత్యేకముగా చట్టము చేసిరి. కావున వ్యాపారముద్ర యనగా ఎఱుగనివానికి ఎఱుగనివాడిచ్చిన మాట. ఆ ముద్ర కనుమఱుగైనపుడు మనము పోగొట్టుకొనునది ఆ మాటను.

దీనికి చేతిగడియారము మంచి యుదాహరణము. యంత్రములను చేయు యంత్రములకై కేంద్రప్రభుత్వము 1953 లో బెంగుళూరున హిందూస్తాన్ మెషీన్ టూల్స్ అను సంస్థను స్థాపించెను. జనులు దానిని హెచ్.ఎం.టి. యందురు. 1961 లో జపానుదేశపు సిటిజెన్ సంస్థ తోడ్పాటుతో అచట గడియారముల తయారి మొదలైనది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్ అను పేర్లతో నవి యూరూర వ్యాపించినవి. అంధులు వ్రేళ్లతో తడవి వేళ తెలిసికొనుటకు వీలైన గడియారములను గూడ ఆ సంస్థ చేసినది. అల్లునికి పెండ్లిలో గడియారము పెట్టుట, ఉద్యోగము విరమించువానికి సభలో గడియారము బహూకరించుట ఆ దినములలో పెద్ద మర్యాద.

ఆ గడియారము నడచు విధమును కొంచెము వివరింతును. ఉదయమున మనము కీ యిచ్చినపుడు లోపలి స్ప్రింగు బిగియును. అది దినమంతయు మెల్లగా విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. తొందరపడి యొక్కసారిగా విప్పుకొనకుండ ఒక చిన్నచక్రము ఇటునటు నూగుచు దానిని నిలుపుచుండును. సామాన్యముగా నీ యూపులు క్షణమునకు, అనగా సెకండునకు, 5. మనము విను టిక్కుటిక్కు అదియే. 1969 లో జపానున సీకో సంస్థ వేఱొక విధమైన చేతిగడియారమును అమ్మకమునకు పెట్టినది. అందు చిన్న స్ఫటికపు ముక్క బ్యాటరీ బలముచే కంపించును. నేటి యట్టి గడియారములలో నా కంపనములు సామాన్యముగా సెకండునకు 32,768. కీ యక్కఱలేదు, కాలము తప్పుట స్వల్పము. 1984 లో స్థాపితమై హోసూరున కర్మాగారము పెట్టిన టైటాన్ సంస్థ యీ మార్గమునే ప్రధానముగా చేపట్టినది. హెచ్.ఎం.టి. వారు కీ గడియారములపై నెక్కువగా ఆధారపడిరి. 1991 తరువాత విపణి విశాలమైనది, నష్టములు పెరిగినవి. 2016 లో ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రమంత్రివర్గము అంగీకరించెను.

నాకును ఒక కీ గడియారము కలదు. అది యే కర్మాగారమున పుట్టినదో చెప్పుట యనవసరము. నాకు ఉపాధ్యాయోద్యోగము వచ్చిన దినమున మా నాయనగారు తమ చేతినుండి తీసి నా చేతికి కట్టిరి. "బడికి పిల్లలకంటె ముందు నీవు పోవలె" నని మాత్రమే యనిరి. ఆ గడియారము దినమునకు రెండు నిమిషములు వెనుకబడుచుండెను. ప్రతి యుదయమున రేడియోలో వార్తలకు ముందు వినవచ్చు కాలసంజ్ఞను బట్టి దానిని సరిదిద్దుకొనుచుంటిని. రెండు మూడేండ్ల కొకసారి మా యూరి గడియారస్తంభము క్రింద కూర్చుండు సాయిబుగారి యొద్దకు తీసికొనిపోవుచుంటిని. ఆయన కంటికి భూతద్దము తగిలించుకొని, వెనుక మూత విప్పి, చూచి, "మాస్టరుగారూ, దీనికేం కాలేదు, నూనె ఆరిపోయింది" అనెడివారు. పాత గడియారములనుండి తీసిన చక్రములు ఆయన యొద్ద చిన్న డబ్బాలలో వేఱువేఱుగా నుండెడివి. ఒక చనిపోయిన గడియారము పది గడియారములను బ్రతికించుచుండెను.

ఆ సాయిబుగారు ఇప్పుడు లేరు. ఆయన కుమారుడు అదే చోట సెల్లుఫోనుల తొడుగులు అమ్ముచున్నాడు. క్రిందటి యేడు నా గడియారము ఆగిపోయినపుడు మూడు పట్టణములు తిరిగితిని. "దీనిని బాగుచేయుటకంటె క్రొత్తది కొనుట చవుక" అని యందఱును చెప్పిరి. వారు చెప్పినది లెక్కకు నిజమే. కాని మా నాయనగారు కట్టిన దానిని నేను కొనలేను గదా.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. స్మృతి యనునది సంస్కారమునుండి పుట్టు జ్ఞానమని తార్కికులు చెప్పుదురు. పూర్వానుభవము మనస్సునందు విడిచిన జాడయే దానికి మూలము. జాడలో తియ్యదనము నిలుచును, ముల్లు మాసిపోవును. ఆ కాలమున స్కూటరునకు డబ్బు కట్టి యేండ్ల తరబడి వేచియుండిన సంసారములు కలవు. పోటీ లేనిచోట కొనువానికి ఎన్నుకొను స్వాతంత్ర్యము లేకుండెను. సరకు మంచిదగుటచే మాత్రమే మనము దానిని ప్రేమించితిమని చెప్పుట పూర్తిగా సత్యము కాదు. వేఱొకటి దొరకకుండుటచే గూడ ప్రేమించితిమి. ఆనాటి కొఱతను స్వర్ణయుగమని పిన్నలకు బోధించుట ఉపాధ్యాయునకు తగదు.

వర్తకులును ఈ స్మృతికి గల వెల నెఱుగుదురు. 1993 లో పార్లే వారి పానీయముల పేర్లను కోకాకోలా వారు కొనినపుడు థమ్సప్ నిలిచినది, గోల్డ్‌స్పాట్ మాత్రము కాలక్రమమున అంతరించినది. మఱుగుపడిన కాంపాకోలా పేరును రిలయన్స్ వారు 2023 లో మరల విపణికి తెచ్చిరి. చేతక్ స్కూటరు పేరును బజాజ్ వారు 2020 లో విద్యుద్వాహనమునకు పెట్టిరి. పూర్వము చూచినవానిని మరల చూచి "వాడే వీడు" అని గుర్తించుటకు ప్రత్యభిజ్ఞ యని పేరు. అందు పేరొక్కటియే చాలదు, వ్యక్తియు నదియే కావలెను. క్రొత్త చేతక్ మంచి బండి కావచ్చును. కాని కిక్కు కొట్టి, ప్రక్కకు వంచి, మరల కిక్కు కొట్టిన ఆ పాత బండి కాదు. పేరు తిరిగివచ్చును, దానితో గడిపిన కాలము రాదు.

అట్లయిన మనము దుఃఖింపదగిన దేది? కర్మాగారములు పుట్టును, గిట్టును, అది లోకధర్మము. ముద్రతోగూడ ఒక విద్య పోవుటయే నిజమైన నష్టము. విప్పుటకు వీలుగా చేసిన వస్తువు, విప్పి చూడనేర్చిన చేయి, బాగుచేసి యిచ్చెదనను మాట, ఈ మూడును కలిసి యుండినవి. మీ యూరిలో గడియారమును గాని, రేడియోను గాని, కుట్టుయంత్రమును గాని విప్పి కూర్పగలవా రొక్కరైన మిగిలియున్నచో, పాడైన వస్తువును పాఱవేయుటకు ముందు వారి యొద్దకు పొండు. చవుక కాకపోవచ్చును. అయినను పొండు, వీలైనచో ఒక పిల్లవానిని వెంటబెట్టుకొని పొండు.

నా గడియారము నాలుగవ యూరిలో నొక ముసలివాని చేతిలో మరల నడచినది. నేడు దినమునకు నాలుగు నిమిషములు వెనుకబడుచున్నది. ప్రతి యుదయమున నా మనుమరాలే దానికి కీ యిచ్చి కాలము సరిచేయుచున్నది. మొన్న మరల మేమిద్దఱము ఆ కూడలి మీదుగా బస్సులో పోతిమి. కండక్టరు "ఆల్విన్, ఆల్విన్" అని పిలిచెను. ఆ పిల్ల ప్రక్కసీటులోని యామెతో, "ఆల్విన్ అంటే ఒక ఫ్యాక్టరీ అండీ, బీరువాలు చేసేవాళ్లు" అని చెప్పుచుండగా వింటిని.